'స్పిరిట్' సీడీలో 'రన్' ఎందుకు లేదంటే

'స్పిరిట్' సీడీ కొన్నాక అందులో 'రన్' పాట కనబడక, నకిలీదేమోనని అనుమానపడుతున్నారా? మీ సీడీ నకిలీది కాదు. బ్రిటిష్ గాయని లియోనా లూయిస్ ఆల్బమ్ 'స్పిరిట్' 2007లో వచ్చినప్పుడు అందులో 'రన్' లేనే లేదు. అది అసలు స్నో పట్రోల్ అనే బ్యాండ్ పాట. దాన్ని ఆమె బీబీసీ రేడియో 1లో పాడితే జనానికి తెగ నచ్చింది. దాంతో 2008 నవంబరులో అదనపు పాటలతో వచ్చిన డీలక్స్ ఎడిషన్‌లో దాన్ని చేర్చారు.

ఈసారి కొనేటప్పుడు:

1. పేరు, ముందు అట్ట చూసి డబ్బు కట్టకండి. పాటల జాబితా ఉండే వెనకవైపు ఫొటో అడగండి. చాలామంది వదిలేసేది ఇదే.
2. అక్కడ 'రన్'తో పాటు 'ఫర్‌గివ్ మీ' అనే పాట కూడా వెతకండి. అదీ లేకపోతే 2007 నాటిది. అది ఉండి 'రన్' లేకపోతే 2008 అమెరికా ఎడిషన్. రెండూ ఉంటేనే తీసుకోండి.
3. ఆ ఒక్క పాటే కావాలంటే 'రన్' సింగిల్‌గా కూడా వచ్చింది, అది చాలు.

పాత సీడీ మాత్రం అమ్మేయకండి, తొలి రూపం అదే.