పాత స్ప్లెండర్‌కి మైలేజీ కోసం చిన్న జెట్ వేయించొచ్చా?

2004 స్ప్లెండర్ లీటరుకి 45 దాటట్లేదు, మెకానిక్ చిన్న జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ ఎంత వెళ్లాలో కొలిచి వదిలే చిన్న రంధ్రం ఉన్న ముక్క) వేద్దామంటున్నాడు, నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసి ఇంజిన్‌లోకి పంపే హైడ్రోజన్ కిట్ కూడా పనిచేస్తుందా అని అడిగారు కదా. జెట్ జోలికి మాత్రం వెళ్లొద్దండి, నేను వెళ్లి అనుభవించాను.

మాది గజపతినగరం. నాదీ కార్బురేటర్ బండే. తెలిసినాయన మాట విని మెయిన్ జెట్ ఒక సైజు తగ్గించాను. విజయనగరం వెళ్లొస్తుంటే లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు పెరిగాయి, చాలా సంతోషపడ్డాను. తర్వాత మే నెలలో ఇద్దరం సుంకి వెళ్తూ పి.కోనవలస దాటి ఘాట్ ఎక్కుతుంటే, రెండో గేర్‌లో ఇంజిన్ లోపల గోళీలు కొట్టుకున్నట్టు టకటకమని శబ్దం మొదలైంది, అయినా ఆపకుండా లాగాను, కాసేపటికి పిస్టన్ బిగుసుకుని ఇంజిన్ పట్టేసింది. చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పితే కొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. యాక్సిలరేటర్ మొత్తం తిప్పినప్పుడు పెట్రోల్ ఇచ్చేది ఆ మెయిన్ జెట్టే. అక్కడ పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువైతే లోపల వేడి పెరిగిపోతుంది. సిలిండర్ బోర్ చేయించి కొత్త పిస్టన్ వేయించాల్సి వచ్చింది.

పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. లీటరుకి లీటరు చూస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి మీ మైలేజీ కొంత అక్కడే పోతోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ కూడా ఉంటుంది, అంటే పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం ముందే పలచన. దాని మీద జెట్ కూడా తగ్గిస్తే ఇంజిన్ ఏమవ్వాలి?

హైడ్రోజన్ కిట్‌లో నీళ్లలోకి పంపే కరెంటు మీ ఇంజినే తయారుచేయాలి, అంటే మీ పెట్రోల్ నుంచే రావాలి. తిరిగొచ్చేది ఎప్పుడూ పెట్టినదానికన్నా తక్కువే.

నాకు నిజంగా పనిచేసింది వేరే. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక చక్రం చేత్తో గట్టిగా తిప్పండి. నాది ఒక్క చుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది, బ్రేక్ షూలు డ్రమ్ముకి రాసుకుంటున్నాయి. డ్రమ్ము విప్పి దుమ్ము దులిపి, షూలని తెరిచే క్యామ్‌కి కాస్త గ్రీజు రాసి, బ్రేక్ రాడ్డు నట్టు వదులు చేశాక చక్రం తేలిగ్గా తిరిగింది. అలాగే చెయిన్‌కి ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, టాపెట్లు (వాల్వుల దగ్గర గ్యాప్) చూపించండి. ఒక్కరే వెళ్తుంటే గాలి ముందు 25, వెనక 28 ఉండాలి. ఇవన్నీ చేశాక ఫుల్ ట్యాంక్ కొట్టించి, మళ్లీ ఫుల్ కొట్టించేదాకా లెక్క రాసుకోండి. నాకు జెట్ మార్చినప్పుడు పెరిగినంతా పాత సైజు జెట్‌తోనే వచ్చింది.

ముందు చక్రం తిప్పి చూసి, ప్లగ్ తెల్లగా ఉందో, నల్లగా ఉందో, కాఫీ రంగులో ఉందో రాయండి, అప్పుడు కార్బురేటర్‌లో గాలి పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ సంగతి మాట్లాడదాం.