కొలంబో వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నీకు కొలంబోలో ఉద్యోగం వచ్చిందని అన్నయ్య ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి మన ఫ్యామిలీ గ్రూపులో పడుతున్న సలహాలన్నీ చదువుతున్నాను. ఒకాయన రావణుడి రాజ్యం, జాగ్రత్తమ్మా అంటాడు, ఒకావిడ దివాళా తీసిన దేశంలో జీతం ఎలా ఇస్తారని అడుగుతుంది, పటమట అత్తయ్య అయితే అక్కడున్నదంతా తమిళవాళ్ళే, నాలుగు తమిళ సినిమాలు చూసి వెళ్ళు చాలు అని తేల్చేసింది. వీళ్ళలో ఒక్కరూ రామేశ్వరం దాటినవాళ్ళు కాదు. మన గుంటూరు యార్డు నుంచి వెళ్ళే మిర్చి పని మీద నేనూ మీ పిన్నీ అక్కడ కొన్నేళ్ళు కాపురం ఉన్నాం. గ్రూపులో అందరితో వాదన పెట్టుకోవడం ఇష్టం లేక నీకు విడిగా రాస్తున్నాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదువు.

ముందు అసలు సంగతి. “శ్రీలంక వాళ్ళు ఇలా ఉంటారు” అనే మాట కనీసం ఒక ఏడాది నీ నోట్లోంచి రానీయకు. చెడ్డగా అనకు అని కాదు, మంచిగా కూడా అనకు. కొత్తగా వెళ్ళినవాళ్ళు రెండు వారాలకే “అబ్బ, ఎంత మెత్తనివాళ్ళో, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు” అని మొదలుపెడతారు, ఆరో నెలలో ఇంటి ఓనరో ఆటో అతనో ముంచితే “నవ్వుతూనే గొంతు కోస్తారు” అనేస్తారు. రెండుసార్లూ వాళ్ళు చూసింది పదిమందిని. బెజవాడ అంటే రౌడీలే కదా అని హైదరాబాద్‌లో ఎవరో అన్నందుకు నువ్వు హాస్టల్లో ఎంత గొడవ చేశావో మీ అమ్మ చెప్పింది. ఆ మంట గుర్తుపెట్టుకో, చాలా చోట్ల పనికొస్తుంది.

ఇక అత్తయ్య తమిళ సినిమాల సంగతి. 2012 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నలుగురిలో ముగ్గురు సింహళీయులు, వాళ్ళలో ఎక్కువమంది బౌద్ధులు. తమిళం మాట్లాడేవాళ్ళు కూడా అంతా ఒకటి కాదు. జాఫ్నా, బట్టికలోవా వైపు తరతరాలుగా ఉన్నవాళ్ళు వేరు. టీ తోటల్లో పనికి బ్రిటిష్ వాళ్ళు తమిళదేశం నుంచి తీసుకుపోయిన కొండప్రాంతం వాళ్ళు వేరు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే చేసిన చట్టంతో వీళ్ళలో చాలామందికి పౌరసత్వమే లేకుండా పోయింది, అది తిరిగి దక్కడానికి దశాబ్దాలు పట్టింది. ముస్లింలలో ఎక్కువమంది ఇంట్లో తమిళమే మాట్లాడతారు, కానీ తమిళులా అని అడిగితే కాదంటారు. కొలంబోలో పెటా బజారు నాలుగో క్రాస్ వీధిలో మనం పంపే ఎండుమిర్చి దిగే చోట వీళ్ళందరి షాపులూ పక్కపక్కనే ఉంటాయి, ఒకరికొకరు చేబదులు ఇచ్చుకుంటారు, ఎన్నికలొస్తే మాత్రం ఎవరి దారి వాళ్ళది.

జాఫ్నా తమిళులంటే తమిళనాడు వైపే ఉంటారు అనుకుంటావేమో, ఏ జాలరిని అడిగినా నీ భ్రమ తీరుతుంది. తమిళనాడు నుంచి వచ్చే పెద్ద ట్రాలర్లు సముద్రం అడుగు దాకా ఊడ్చుకుపోతున్నాయని, వలలు తెంపేస్తున్నాయని ఎక్కువగా మొత్తుకునేది ఉత్తరాది తమిళ జాలర్లే. అడుగు ఊడ్చే ఆ వేటను శ్రీలంక 2017లో చట్టం చేసి నిషేధించింది. భాష ఒకటైతే మనసు ఒకటి అనే లెక్క సముద్రం మీద చెల్లదు. (మన రెండు తెలుగు రాష్ట్రాలకి కృష్ణా నీళ్ళ దగ్గర చెల్లిందా ఏమన్నా.)

పేర్లు చూసి లెక్కలు కట్టకు. ఇది నీకు ప్రత్యేకంగా చెప్తున్నాను, ఎందుకంటే ఇంటిపేరు వినగానే ఊరూ కులమూ తేల్చేసే విద్య మన ఇళ్ళలో పసితనం నుంచే నేర్పుతారు. అక్కడ పెరీరా, ఫెర్నాండో, సిల్వా అని విని క్రైస్తవులు అనుకుంటావు. పోర్చుగీసు వాళ్ళు 1505లో అడుగుపెట్టినప్పటి నుంచి వచ్చిన పేర్లవి, వాటితో బౌద్ధులు బోలెడంతమంది ఉన్నారు. నీ పక్క సీటు పెరీరా పౌర్ణమికి గుడికి వెళ్తానంటే వింతగా చూడకు. “నువ్వు సింహళా, తమిళా?” అని చేరిన వారంలో ఎవరినీ అడగనే అడగకు.

దానికి కారణం ఉంది. 1983 నుంచి 2009 దాకా అక్కడ ప్రభుత్వానికీ తమిళ పులులకీ (ఎల్టీటీఈ) యుద్ధం జరిగింది. ఇవాళ నలభైల్లో ఉన్నవాళ్ళ చిన్నతనం చాలావరకు అందులోనే గడిచింది. బాంబు పేలితే పిల్లలకి ఒకరైనా మిగలాలని భార్యాభర్తలు వేర్వేరు బస్సుల్లో ఆఫీసుకి వెళ్ళేవాళ్ళమని నాతో చెప్పినవాళ్ళున్నారు. మనకి పులులు, ప్రభాకరన్, శ్రీపెరంబుదూరు అనే మూడు మాటల్లో ఆ కథ అయిపోతుంది, పైగా ఇక్కడ పెళ్ళి భోజనాల దగ్గర దాని మీద తీర్పులు కూడా ఇస్తాం. అక్కడ నోరెత్తకు. వాళ్ళే చెప్తే విను. మన సైన్యం 1987లో శాంతి కోసం వెళ్ళిందని, వెయ్యిమందికి పైగా జవాన్లు చనిపోయారని మనం చదువుకున్నాం, అది నిజమే. కానీ జాఫ్నాలో ఆ ఏళ్ళ జ్ఞాపకం వేరు, దక్షిణాన సింహళ పల్లెల్లో ఇంకా వేరు. మన సైన్యం వెళ్ళడానికి దారితీసిన భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకం పెట్టిన మర్నాడే గౌరవ వందనం తీసుకుంటున్న రాజీవ్ గాంధీని ఒక నౌకాదళ సిపాయి తుపాకీతో కొట్టబోయాడంటే అప్పటి కోపం ఏ స్థాయిలో ఉందో చూడు.

ఇప్పుడు ఎవరూ నీకు చెప్పని భాగానికి వస్తాను. నువ్వు వాళ్ళ గురించి ఏమనుకుంటావు అన్నది సగమే, నీ గురించి వాళ్ళు ముందే ఏమనుకుని కూర్చున్నారు అన్నది మిగతా సగం. ఇండియన్ అనగానే గట్టిగా మాట్లాడతారు, క్యూ మధ్యలో దూరతారు, బేరం మొదలుపెడితే వదలరు, పని వాళ్ళని గద్దిస్తారు అని చాలామంది మనసులో ఉంటుంది. దానికి పైన పెద్దన్న వ్యవహారం. వాళ్ళ దేశం మొత్తం జనాభా మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు, పక్కన ఇంత పెద్ద దేశం ఏ చిన్న మాటన్నా వాళ్ళకి అది బెదిరింపులాగే వినిపిస్తుంది. నువ్వు సరదాకే “మీది మా దేశంలో ఒక రాష్ట్రమంత కదా” అన్నావనుకో, ఆ రోజుతో ఆ స్నేహం అయిపోయినట్టే. మా వాళ్ళు తీర్థయాత్ర బస్సుల్లో వచ్చి ఆ మాట అనడం నా చెవులారా విన్నాను, పక్కన గైడు నవ్వాడు, నవ్వి ఊరుకున్నాడు.

ఆ అభిప్రాయం నిన్ను చూడగానే తగిలించేస్తారు, నువ్వు ఉడుక్కోకు. మన బ్రాడీపేటలో టులెట్ బోర్డు కింద “వెజిటేరియన్లకు మాత్రమే” అని రాసి ఉంటే మనం మామూలుగా చదువుకుని వెళ్ళిపోతాం కదా, కొలంబోలో ఇల్లు చూసేటప్పుడు “ఇండియన్స్ వంట వాసన ఎక్కువ” అని ఒక ఓనరు మొహం తిప్పుకుంటే అప్పుడు తెలుస్తుంది అవతల నిలబడితే ఎలా ఉంటుందో. మాకు అలాగే ఒక ఇల్లు చేజారింది. రెండో ఇంటావిడ మీ పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని కొబ్బరి సంబల్ అనే పచ్చడి నేర్పింది. ఇద్దరూ సింహళీయులే, ఇద్దరిదీ ఒకటే వీధి.

దేశాల మధ్య మాటలు కూడా ఒక్కచోట ఆగవు. 1987 తర్వాత భారత వస్తువులు కొనవద్దని జనాన్ని బెదిరించిన పార్టీ జేవీపీ. ఆ పార్టీ నాయకుడు అనుర కుమార దిసనాయకే 2024లో అధ్యక్షుడయ్యాక మొట్టమొదటి విదేశీ పర్యటన మన దేశానికే వచ్చాడు. 2022లో పెట్రోలుకి రోజుల తరబడి క్యూలు కట్టిన కాలంలో మన ప్రభుత్వం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది, దానికి కృతజ్ఞత చెప్పేవాళ్ళూ తగులుతారు, ఊరికే ఇచ్చారా అని అనుమానించేవాళ్ళూ తగులుతారు, ఒక్కోసారి రెండూ ఒకే మనిషి నోటే వింటావు. క్రికెట్ అంటే పడి చచ్చేవాళ్ళ దగ్గర మాట కలపాలంటే 1996 ప్రపంచకప్ సంగతి ఎత్తు. కొలంబోలో సెంట్రల్ బ్యాంకు మీద బాంబు దాడి జరిగి ఆస్ట్రేలియా, వెస్టిండీస్ మేం రాము అన్నప్పుడు భారత్, పాకిస్తాన్ ఆటగాళ్ళు కలిసి ఒకే జట్టుగా వెళ్ళి అక్కడ ఆడారు, కెప్టెన్ మన హైదరాబాద్ అజారుద్దీన్. నెల తిరిగేసరికి కలకత్తా సెమీఫైనల్లో మనవాళ్ళు సీసాలు విసిరి మ్యాచ్ ఆపించిన సంగతి కూడా వాళ్ళు మర్చిపోలేదనుకో.

దివాళా దేశం అని గ్రూపులో అన్నావిడ అనుమానాన్ని మాత్రం పూర్తిగా కొట్టిపారేయకు. 2022 ఏప్రిల్‌లో వాళ్ళు విదేశీ అప్పులు కట్టడం ఆపేసిన మాట నిజం, ఆ కొద్ది నెలల్లో డాలరు 200 శ్రీలంక రూపాయల దగ్గర నుంచి 360కి పోయింది. అందుకని నీ జీతం ఏ కరెన్సీలో లెక్కకట్టారో ఇప్పుడే కంపెనీని అడిగి కాగితం మీద రాయించుకో, ఇంటి అద్దె రూపాయల్లో కడతావా డాలర్లలోనా అన్నది కూడా. ఇళ్ళకి చాలా చోట్ల ఆరు నెలలదో ఏడాదిదో ఒకేసారి అడుగుతారు, ఆ డబ్బు సిద్ధం చేసుకో. రెసిడెన్స్ వీసా కంపెనీ పూచీ మీదే వస్తుంది, టూరిస్టు వీసా మీద వచ్చేయండి తర్వాత చూద్దాం అంటే ఒప్పుకోకు. అంతవరకే ఆ అనుమానం. బీద దేశం అని జాలి పడటానికి వెళ్తే నవ్వుతారు. స్త్రీలతో సహా అందరికీ ఓటు వాళ్ళకి 1931లోనే వచ్చింది, ప్రపంచంలో మొదటి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే 1960లో అక్కడే ఎన్నికైంది. కొలంబోలో జీబ్రా గీతల మీద కాలు పెడితే కారు ఆగుతుంది, బెంజి సర్కిల్ దాటడం అలవాటైనదానివి, మొదట్లో నువ్వే కంగారుపడి ఆగిపోతావు. అలా అని క్రమశిక్షణ గల జాతి అని పొగడబోకు, అదే రోడ్డు మీద ప్రైవేటు బస్సులు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి.

రావణుడి మీద జోకులు వద్దు. అక్కడ కొంతమంది సింహళీయులకి ఆయన గొప్ప రాజు, 2019లో వాళ్ళు పంపిన మొదటి ఉపగ్రహం పేరే రావణ-1. మరి కొలంబో పక్కనే కెళనియ బౌద్ధ ఆలయంలో విభీషణుడికి గుడి ఉంది, జనం మొక్కుకుంటారు. రెండూ ఒకే దేశం, నీకేం ఇబ్బంది? బుద్ధుడి విగ్రహం దగ్గర మాత్రం వీపు తిప్పి సెల్ఫీ తీసుకోకు. మనం అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడి ముందు ఎన్ని పోజులిచ్చినా అడిగేవాడు లేడు, అక్కడ చేతి మీద బుద్ధుడి టాటూ ఉందని 2014లో ఒక బ్రిటిష్ టూరిస్టుని దేశం నుంచి పంపించేశారు. పౌర్ణమిని పోయా అంటారు, ప్రతి నెలా సెలవే, ఆ రోజు మందూ మాంసమూ అమ్మరు.

తిండి. కారం విషయంలో గుంటూరు గొప్పలు పోవద్దు, లూణు మిరిస్ (ఉల్లీ మిర్చీ నూరిన పచ్చడి) తిన్నాక మాట్లాడదాం. నువ్వు శనివారాలు నీచు ముట్టవు కాబట్టి ఒకటి తెలుసుకో, కొబ్బరి సంబల్లోనూ చాలా కూరగాయల కూరల్లోనూ ఉంబలకడ అని ఎండబెట్టిన చేప పొడి వేస్తారు, కూరలో చేప ముక్క కనపడకపోతే శాకాహారమే అనుకుంటారు కొందరు. ముందే అడుగు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. మనవాళ్ళు ఎవరైనా కనిపిస్తే “కాండీ రాజ్యాన్ని చివరగా ఏలింది మన తెలుగు నాయక రాజులే” అని చెప్తారు. మదురై వైపు నుంచి వెళ్ళిన నాయక వంశం 1739 నుంచి 1815 దాకా ఏలింది, కాదనను. కానీ అదే దేశంలో ఇవాళ్టికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళు అహికుంటకులు, పాములాడించి, చేతులు చూసి జోస్యం చెప్పి బతికినవాళ్ళు, కూడగమ లాంటి ఊళ్ళలో స్థిరపడ్డారు. ఈ రాజుల సంగతి చెప్పే పెద్దమనుషులు వాళ్ళ పేరెత్తగా నేను వినలేదు. అక్కడి జనం కూడా వాళ్ళని కాస్త కిందుగానే చూస్తారు. ఎప్పుడైనా అనురాధపురం వైపు వెళ్తే కలువు, ఫొటోలు తీసి గ్రూపులో పెట్టడానికి మాత్రం కాదు.

పినాకినిలో చెన్నై వెళ్ళి అక్కడి నుంచి ఫ్లైట్ ఎక్కడం సులువు, గంటన్నర కూడా పట్టదు, టైమ్ కూడా మనదే. ఏప్రిల్ మొదటివారంలో చేరమన్నారని విన్నాను. 13, 14 తేదీల్లో సింహళ, తమిళ సంవత్సరాది, కొలంబో సగం సొంతూళ్ళకి వెళ్ళిపోతుంది, షాపులు రోజుల తరబడి మూసేస్తారు, ఆ లోపే బియ్యం, పప్పు, పాలపొడి తెచ్చిపెట్టుకో. ఆఫీసులో ఎవరైనా ఇంటికి పిలిస్తే మొహమాటపడకుండా వెళ్ళు. వట్టి చేతులతో కాకుండా మల్లయ్య లింగం మిఠాయి పట్టుకెళ్ళు, మీ నాన్న చేత నేను పంపిస్తాను.

బాబాయ్