వార్డులో చేసే వాళ్లకి మెడికల్ కోడింగ్ కన్నా డయాలిసిస్ దారి మంచిది

"బెంగళూరు ఆస్పత్రిలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను, ఇంటర్ సీఈసీ. ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలి? అందరూ మెడికల్ కోడింగ్ అంటున్నారు" అని ఒకరు అడిగారు.

కోడింగ్ వద్దండి. అది రోగుల రికార్డులు చదివి, బిల్లుల కోసం జబ్బులకీ చికిత్సలకీ కోడ్లు వేసే కంప్యూటర్ పని. కంపెనీలు ఎక్కువగా లైఫ్ సైన్స్ డిగ్రీ వాళ్లనే చూస్తాయి. వార్డులో మీ చేతికి వచ్చిన పని అక్కడ దేనికీ అక్కరకు రాదు.

ఇక నర్సింగ్ సంగతి. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాకి సీఈసీ వాళ్లూ అర్హులే, ఇంటర్లో 40 శాతం ఉండాలి, ఇంగ్లీషు పాసై ఉండాలి. మూడేళ్లు పగటి క్లాసులు, ఆస్పత్రి పోస్టింగులు ఉంటాయి కాబట్టి ఉద్యోగం వదలాల్సిందే. ఆ తర్వాత, జీఎన్ఎం అయినవాళ్ల కోసం ఉండే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చేయొచ్చు. నేరుగా బీఎస్సీ నర్సింగ్‌కి మాత్రం బైపీసీ కావాలి. "హాజరు అక్కర్లేదు, పరీక్షకి వస్తే చాలు" అనే కాలేజీ జోలికి వెళ్లకండి. ఇంజెక్షన్ చేయడం కూడా రాని నర్సు చేతికి రోగిని అప్పగించడం ఘోరం.

నా మాట వింటే డయాలిసిస్ టెక్నీషియన్ వైపు రండి. కిడ్నీలు పనిచేయని రోగి రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసి, ఒంట్లో చేరిన అదనపు నీరు తీసే పని ఇది. ఒక సిట్టింగ్ ఎలా నడుస్తుందో చూస్తే ఎందుకంటున్నానో తెలుస్తుంది. రోగి రాగానే బరువు చూస్తారు. డ్రై వెయిట్, అంటే అదనపు నీరు లేనప్పటి బరువు, 52 కిలోలు, ఈరోజు 54.5 ఉంటే రెండున్నర లీటర్ల నీరు తీయాలి. చివర్లో రక్తం వెనక్కి పంపేటప్పుడు లోపలికి వెళ్లే సెలైన్, మధ్యలో తాగే టీ కూడా ఆ లెక్కలో కలపాలి. రోగికి తగిలించే ముందు, రక్తం తిరిగే గొట్టాల్లో గాలి పోయేదాకా సెలైన్ నింపుతారు, దీన్నే ప్రైమింగ్ అంటారు. రక్తం నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్లు, రక్తంలోని మలినాల్ని లాగే ద్రవం, అంటే డయాలిసేట్, 500 మిల్లీలీటర్లు తిరుగుతాయి. అంటే నాలుగు గంటలకి 120 లీటర్ల ఆర్వో నీళ్లు. అందులో కుళాయి నీటిని శుద్ధి చేయడానికి కలిపే క్లోరమైన్ మిగిలిపోతే రోగి ఎర్ర రక్తకణాలు పగులుతాయి, అందుకే షిఫ్టు మొదలయ్యే ముందే నీళ్లు పరీక్షించాలి.

అసలు కష్టం చాలాసార్లు మూడో గంటలో వస్తుంది. నాలుగు కిలోలు పెరిగి వచ్చిన రోగికి అదే నాలుగు గంటల్లో గంటకో లీటరు లాగితే, గంటకి కిలో బరువుకి 13 మిల్లీలీటర్లనే హద్దు ఈ 52 కిలోల మనిషికి ఎప్పుడో దాటిపోతుంది. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకునో, కడుపునిండా తినో వచ్చుంటే ఇంకా ప్రమాదం. ముందు ఆవలింతలు, తర్వాత నుదుటి మీద చెమట, పిక్కలు పట్టేయడం. చేతికి కట్టే బీపీ పట్టీ అరగంటకోసారి పెడితే మధ్యలో పడిన బీపీ మిషన్‌కి తెలియదు. ఆ ముఖం చూసి పట్టుకునేది మనిషే. వెంటనే నీరు తీయడం ఆపి, తల దించి కాళ్లు ఎత్తి, యూనిట్ ప్రోటోకాల్ ప్రకారం 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్ ఇస్తూ డాక్టర్ని పిలవాలి. వార్డులో రోగుల్ని చూసిన కళ్లకి ఇవన్నీ ముందే అలవాటు. పైగా హిందూపురం, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు వచ్చే రోగులు వారానికి రెండు మూడుసార్లు అదే మంచం మీద ఉంటారు. రోజుకి ఎన్ని నీళ్లు తాగాలో తెలుగులో చెప్పే మనిషి వాళ్లకి ఎంతో కావాలి.

కర్ణాటక పారామెడికల్ బోర్డు డయాలిసిస్ డిప్లొమా టెన్త్ మీద మూడేళ్లు, సైన్స్ ఇంటర్ మీద రెండేళ్లు. మీది సీఈసీ కాబట్టి మూడేళ్లనే అనుకోండి. ప్రభుత్వ కోటా సీటుకి కర్ణాటకలో ఎన్నేళ్లు చదివారో అడుగుతారు. ఆంధ్రా బోర్డులో రెండేళ్లే, కానీ బైపీసీ వాళ్లకి ఇచ్చాక మిగిలితేనే వేరే గ్రూపులకి.

ఆరు నెలల "డిప్లొమా" అని సైన్‌బోర్డులు వీధికొకటి కనిపిస్తున్నాయి. పేదపిల్లల డబ్బు తినే ఈ సంస్థల్ని చూస్తే కడుపు మండుతుంది. మార్కుల కార్డు మీద ఏ బోర్డు పేరుంటుందో, కాలేజీకి అనుబంధ ఆస్పత్రిలో ఎన్ని డయాలిసిస్ మిషన్లు ఉన్నాయో అడగండి. తడబడితే లేచి వచ్చేయండి. డయాలిసిస్ లాంటి అలైడ్ హెల్త్ వృత్తులకి 2021లో కేంద్ర చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ దగ్గర ఆ ఆరు నెలల కాగితం నిలవదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా పెట్టకండి.

రాజీనామాకి ముందే అనుభవ పత్రం తీసుకోండి. ఏజెన్సీ ద్వారా చేసేవాళ్లకి కొన్నిచోట్ల అందులో "హౌస్‌కీపింగ్" అని రాసిస్తారు, ఇది పచ్చి అన్యాయం. హోదా, వార్డు పేరు, తేదీలు రాసి నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకం పెట్టించుకోండి. ఇది రక్తంతో పని కాబట్టి, హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి, మొత్తం మూడు డోసులు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి యాంటీబాడీ పరీక్ష చేయించి, టీకా పనిచేసిందనడానికి గుర్తైన 10 mIU/mL వచ్చిందో లేదో చూసుకోవాలి.