కారణం దాటేసి పోవద్దు

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బర్జెస్ షేల్ అనే పొరలు పొరల బురదరాతిలో దొరికిన పాత సముద్రజీవుల శిలాజాల మీద నీ వ్యాసం అందింది. వాక్యం బాగుంది. కానీ మూడో పేరా దగ్గర నాకు కోపం వచ్చింది. ‘ఆ లోతుల్లో ఆక్సిజన్ లేకపోవడంతో జీవులు కుళ్లకుండా నిలిచిపోయాయి, ఇది ప్రకృతి చేసిన అద్భుతం’ అని తేల్చేసి, ఐదు కళ్ల ఓపబీనియా అనే జీవి దగ్గరికి పరుగెత్తావు. 1909లో అమెరికా శాస్త్రవేత్త వాల్కాట్ కెనడా కొండల్లో బర్జెస్ షేల్ శిలాజాలు కనుక్కోవడం మీద పేజీన్నర రాసినదానివి, అసలు సంగతికి ఒక్క వాక్యమా?

నీది కావలి. రొయ్యల గుంటలు చూడకుండా పెరిగి ఉండవు. పట్టుబడి అయ్యాక నీళ్లు తీసేసిన గుంటలోకి దిగి చూడు. పైన పల్చగా గోధుమరంగు మట్టి, కాలివేళ్లు దిగేసరికి నల్లటి బురద, కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఆ నల్ల బురదలో ఆక్సిజన్ ఉండదు. అయినా మిగిలిపోయిన మేత, చచ్చిన రొయ్య కుళ్లుతూనే ఉంటాయి. ఉప్పునీళ్లలో సల్ఫేట్ అనే గంధకపు లవణం ఉంది, ఆక్సిజన్ లేనిచోట దాన్ని వాడుకుని బతికే బ్యాక్టీరియా ఉంది. ఆ కంపు దాని పనే. కాబట్టి ఆక్సిజన్ లేదు అంటే సరిపోదమ్మా, సగం మాటే చెప్పినట్టు.

మరి 50.8 కోట్ల ఏళ్ల కిందట బర్జెస్ షేల్ బురదలో ఏం జరిగింది? భూశాస్త్రవేత్త రాబర్ట్ గెయిన్స్, తోటివాళ్లు 2012లో వివరించింది చదువు. అప్పటి సముద్రపు నీళ్లలో సల్ఫేట్ ఇప్పటికన్నా బాగా తక్కువ. సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్ మాత్రం తేలిగ్గా పేరుకునే నీళ్లవి. వాలు మీది నుంచి జారిన మెత్తటి బురద జీవుల్ని ఒక్కసారిగా కప్పేసింది. ఆ పొర పైభాగంలో కార్బొనేట్ త్వరగా గట్టిపడి దారి మూసేసింది. ఆక్సిజన్ గానీ సల్ఫేట్ గానీ ఇక కిందికి దిగలేదు. లోపలున్న కాస్తా అయిపోయాక బ్యాక్టీరియా నెమ్మదించింది. అందుకే పెంకులే కాదు, మొప్పలు, పేగులు కూడా పల్చటి కార్బన్ పొరగా మిగిలాయి. చైనాలో చెంగ్‌జియాంగ్ పొరలు ఇంకా పాతవి, 51.8 కోట్ల ఏళ్లవి. అక్కడా ఇదే తరహా ఆనవాళ్లు. ఏదో ఒక్క మూల జరిగిన వింత కాదిది, ఆనాటి సముద్రం తీరే అది. ఇది వదిలేస్తే నీ వ్యాసంలో మిగిలేది బొమ్మల వర్ణనే.

నాకెందుకింత పట్టుదలో చెప్తాను. కుర్రతనంలో మన ఒంగోలు వైపు వేమవరం షేల్ మీద రాశాను. ఆ పొరల్లో నేలమీది మొక్కల ఆకుల ముద్రలూ, సముద్రంలో బతికిన అమ్మోనైట్లనే చుట్ట పెంకు జీవులూ కలిసి దొరుకుతాయి. ఒడ్డున రాలిన ఆకు సముద్రపు బురదలోకి ఎలా చేరింది, చేరి ఈనెలతో సహా ఎలా నిలిచింది అన్నదే నా వ్యాసం. అది వేసిన పత్రిక ఎడిటరు సరిగ్గా ఆ రెండు పేరాలే కొట్టేసి, నేను ఊసే ఎత్తని డైనోసార్ బొమ్మ వేశాడు. ‘ఎందుకు, ఎలా అన్నవి ఎవరు చదువుతారండీ’ అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ‘శాస్త్రవేత్తలే షాక్’ అనే హెడ్డింగుల కాలం వచ్చింది, లోపల చూస్తే కారణం ఒక్క ముక్క ఉండదు. పాఠకుడికి ఓపిక లేదనేది రాసేవాళ్ల సోమరితనం. నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు ఆగితే గుంట ఏమవుతుందోనని రాత్రంతా టెన్షన్ పడే రైతు మన తీరంలో ఊరూరా ఉన్నాడు. అడుగు బురద సంగతి అతనికి తెలిసినంత మనకి తెలీదు. అతను చదివేలా రాయి, ఆఖరిదాకా చదువుతాడు.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. వాల్కాట్ భాగం సగానికి తగ్గించు, ‘అద్భుతం’ అన్నచోటల్లా కొట్టేయి. మూడో పేరా తిరగరాసి, కుదిరితే వేమవరం కూడా చేర్చు. సంక్రాంతికి కావలి వస్తున్నాను, అప్పటికి చేతిలో పెడితే అక్కడే కూర్చుని చూద్దాం.