పెట్టెడు పాత మోడల్ డీజిల్ ఇంజన్లు ఉన్నాయి, అన్నిటికీ మళ్లీ రంగులు వేయాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమెరికా నుంచి హైదరాబాద్ తిరిగొచ్చేస్తూ పెట్టెడు పాత హెచ్‌ఓ (అసలుకు 87వ వంతు సైజు, అంటే 1:87 స్కేల్ మోడల్ రైళ్లు) డీజిల్ ఇంజన్లు తెచ్చుకున్నారు, ఒక్కోటి ఒక్కో కంపెనీ రంగులో ఉంది, కొన్నిటికి పెచ్చులు ఊడాయి, సగం కదలడమే లేదు. అన్నీ గీకేసి ఒకే రంగులోకి తేవాలా, ఏ పెయింట్ కొనాలి, వాటిలో ఒకదాన్ని మన రైల్వే డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2గా మార్చుకోవచ్చా అని.

అన్నీ గీకేయకండి. పెయింట్ కొనకముందే ఒక ఊరు, ఒక సంవత్సరం అనుకోండి. సగం పని అక్కడే తగ్గిపోతుంది.

నేనుండేది షికాగో దగ్గర అరోరాలో. ఇక్కడి నుంచి షికాగో వెళ్లే బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే కంపెనీ మెయిన్ లైన్‌లో మూడు ట్రాకులు, లోకల్ రైళ్లూ గూడ్సులూ పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. నా దగ్గరా మీలాగే గ్యారేజ్ సేల్స్‌లో, రైలు షోలలో కొన్న కలగూరగంప ఉండేది, దాన్నంతా 1997 నాటి అరోరా అనుకున్నాను. ఎందుకంటే బర్లింగ్టన్ నార్తర్న్, శాంటా ఫే 1995లో కలిసి బీఎన్‌ఎస్‌ఎఫ్ అయ్యాయి, కానీ కాగితాల మీద కలిసినంత మాత్రాన అన్ని ఇంజన్లకూ రాత్రికి రాత్రి రంగు మారదు కదా. బర్లింగ్టన్ వాళ్ల ఆకుపచ్చ, శాంటా ఫే వాళ్ల నీలం-పసుపు, 1989లో వాళ్లు మళ్లీ బయటికి తీసిన ఎరుపు-వెండి 'వార్‌బోనెట్', కొత్త కంపెనీ వేసుకున్న నారింజ-ముదురాకుపచ్చ, ఇవన్నీ ఒకే గూడ్స్ ముందు కట్టినా ఎవరూ తప్పు పట్టలేరు. కొన్నిటికి పాత పేరు మీద చిన్న పట్టీలా రంగు కొట్టేసి, క్యాబ్ కిటికీ కింద కొత్త అక్షరాలూ నంబరూ వేశారు, అంతే. మోడల్‌లో అది ఒక సాయంత్రం పని.

కాన్‌రైల్ నీలం ఇంజను ఉందా? 1999 జూన్‌లో ఆ కంపెనీని పంచుకునేదాకా అది బతికే ఉంది కాబట్టి వేరే కంపెనీ బండితో వచ్చిందని పెట్టుకోవచ్చు. రాక్ ఐలండ్ ఉంటే మాత్రం కుదరదు, అది 1980లోనే మూతపడింది. అలాంటివే పూర్తిగా గీకి రంగు మార్చడానికి సరైనవి. ఇలా చూసుకుంటూ పోతే నా పెట్టెలో నిజంగా మొదటినుంచీ రంగు వేయాల్సినవి నాలుగోవంతు కూడా తేలలేదు.

రంగు విషయంలో తొందరపడటం అసలు రైల్వేలకే తప్పలేదు. సదరన్ పసిఫిక్, శాంటా ఫే 1980ల మధ్యలో కలుస్తాం అనుకుని, అనుమతి రాకముందే ఇంజన్లకు ఎరుపు-పసుపు-నలుపు వేసి, పక్కన సగం అక్షరాలే రాసి మిగతా సగానికి ఖాళీ వదిలారు. 1986లో ఆ విలీనానికి ప్రభుత్వ కమిషన్ ఒప్పుకోలేదు. ఆ ఖాళీతోనే ఇంజన్లు ఏళ్ల తరబడి తిరిగాయి. ఆ రంగులో మోడల్ మీ పెట్టెలో ఉంటే దాన్ని ముట్టుకోకండి, చాలామంది వెతుక్కుని మరీ కొంటారు.

రెండో మాట, నడవని ఇంజనుకు రంగు వేయకండి. అందంగా రంగు వేసి, డెకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే అక్షరాల, గుర్తుల పొరలు) అతికించి, ఆ తర్వాత బాగు చేయడానికి బాడీని పదిసార్లు పీకితే మూలల్లో రంగు మళ్లీ లేస్తుంది. అందుకే ముందు మోటార్ పని. ఇంకో విషయం, మీరు అమెరికా నుంచి తెచ్చిన పవర్ ప్యాక్ (పట్టాలకు కరెంటిచ్చే డబ్బా) 120 వోల్టులది, మన ఇంట్లో ప్లగ్గు 230. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టారంటే పొగే. తొలి పరీక్షకు అదీ అక్కర్లేదు, 9 వోల్టుల బ్యాటరీ రెండు వైర్లతో మోటార్‌కు తగిలించి చూడండి.

అథర్న్ కంపెనీ నీలం డబ్బాల్లో అమ్మిన పాత ఇంజన్లు మీ దగ్గర ఉండే ఉంటాయి, అమెరికాలో ఏ సెకండ్ హ్యాండ్ బల్ల మీద చూసినా అవే. బాడీ తీస్తే మధ్యలో మోటార్, రెండు పక్కలా బోగీల (ఇరుసులు అమర్చిన చక్రాల ఫ్రేముల) మీద గేర్ల గూళ్లు, పైన పొడుగ్గా ఒక రేకు ముక్క. కరెంటు ఒక వైపు చక్రాల నుంచి ఆ రేకు మీదుగా, ఇంకో వైపు చక్రాల నుంచి లోహపు చాసిస్ మీదుగా మోటార్‌కు చేరుతుంది. ఏళ్లు గడిచాక ఆ రేకు నల్లబడుతుంది, గ్రీజు గట్టిపడి గేర్లలో మైనంలా పేరుకుంటుంది, ఇంకేముంది, ఇంజను మొరాయిస్తుంది. మోటార్ చెడిపోయిందని పారేసేవాళ్లను చూశాను, నిజానికి చాలాసార్లు మోటార్‌కు ఏమీ కాదు. గేర్లు విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ప్లాస్టిక్‌ను తినని పలచటి నూనె ఒక్కో చుక్క వేయండి (ఒక్క చుక్కే, నూనె పట్టాల మీదికి కారితే ఇంకో తలనొప్పి). ఆ రేకు తీసేసి మెత్తటి వైర్లు టంకం వేసుకుంటే మిణుకుమిణుకుమనే కాంటాక్టుల బెడద పోతుంది. చక్రాలు ఇనుప పొడితో చేసినవైతే మురికి తొందరగా పడుతుంది, నికెల్ సిల్వర్ చక్రాలు దొరికితే మార్చేయండి.

నడుస్తోంది కానీ టిక్కు టిక్కుమంటూ లయగా కుదుపు వస్తోందంటే ఇరుసు మధ్యలోని ప్లాస్టిక్ గేరు పగిలిందని అర్థం. జిగురు పెట్టి లాభం లేదు, గేరు మార్చాల్సిందే.

డీసీసీ డీకోడర్ (ఒక్కో ఇంజనునూ విడివిడిగా డిజిటల్‌గా నడిపించే చిన్న సర్క్యూట్) పెట్టే ఆలోచన ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ పాత మోటార్ల అడుగున రెండు చిన్న రాగి కొక్కేలు ఉంటాయి, అవి చాసిస్‌ను తాకుతుంటాయి. వాటిని కత్తిరించి, మోటార్ కింద ఇన్సులేషన్ టేపు వేసి, మోటార్‌కూ చాసిస్‌కూ మధ్య కరెంటు పారడం లేదని మల్టీమీటర్‌తో చూశాకే డీకోడర్ కలపండి. ఎరుపు, నలుపు వైర్లు పట్టాలవి. నారింజ, బూడిదరంగు వైర్లు మోటార్‌వి. అవి తారుమారైతే డీకోడర్ మీద ఆశ వదులుకోవచ్చు.

ఇక రంగు తీయడం. అసిటోన్, మామూలు పెయింట్ థిన్నర్ జోలికి వెళ్లొద్దు, బాడీ స్టైరీన్ ప్లాస్టిక్ కాబట్టి కరిగి ముద్దవుతుంది. ఇక్కడ మేం 91 శాతం ఐసోప్రొపైల్ వాడతాం. మీకు కెమికల్ షాపుల్లో లీటర్ లెక్కన దొరికేది ఇంకా చిక్కనిది, కొంచెం డిస్టిల్డ్ వాటర్ కలుపుకోండి. కిటికీ అద్దాలు, హ్యాండ్‌రెయిల్స్, లైట్లు అన్నీ తీసేసి, ముందు బాడీ లోపలి వైపు ఒక మూల రాసి చూసి, ప్లాస్టిక్‌కు ఏమీ కాకపోతే మూత ఉన్న డబ్బాలో నానబెట్టండి. గంటకోసారి తీసి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే రంగు పొరలు పొరలుగా లేచి వస్తుంది. రాత్రంతా వదిలేయకండి, కొన్ని ప్లాస్టిక్‌లు పెళుసవుతాయి. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి, ఆ చుట్టుపక్కల దీపం గానీ స్టవ్ గానీ లేకుండా చూసుకోండి. రివెట్ల సందుల్లో కాస్త రంగు మిగిలిపోతే మిగలనివ్వండి, ప్రైమర్ కిందికి పోతుంది.

పెయింట్ విషయంలో పాత మ్యాగజైన్లలో ఎక్కడ చూసినా ఫ్లోక్విల్ పేరే ఉంటుంది, దాన్ని 2013లో ఆపేశారు కాబట్టి దానికోసం వెతక్కండి. ఇక్కడి ప్రత్యేక రైల్వే రంగుల్లో మండే ద్రావకంతో చేసినవి మీకు విమానంలో పంపడం కూడా కుదరదు. టామియా, వాయెహో లాంటి అక్రిలిక్‌లతో ఫొటో చూసుకుంటూ కలుపుకోండి. అచ్చం అదే షేడ్ రాలేదని టెన్షన్ పడే పని లేదు. ఎండకు నాలుగేళ్లు తిరిగిన అసలు ఇంజన్లే పక్కపక్కన నిలబెడితే రెండు ఒకేలా ఉండవు.

బూడిదరంగు ప్రైమర్ పలచగా వేసి, ఎప్పుడూ లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. శాంటా ఫే ఇంజను అయితే ముందు పసుపు, అది పూర్తిగా ఆరాక మాస్కింగ్ టేపు, ఆపైన నీలం. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఆ గీత తీయడమే. టేపు అంచు మీద దుమ్మూ నలుగుళ్లూ ఉంటాయి, అందుకే అద్దం ముక్క మీద అతికించి కొత్త బ్లేడుతో ఒక అంచు కోసి ఆ తాజా అంచునే వాడాలి. బాడీ మీద తలుపుల కీళ్లు, గొళ్లాలు, గ్రిల్స్ అన్నీ ఉబ్బెత్తుగా ఉంటాయి కదా, వాటి చుట్టూ టూత్‌పిక్‌తో టేపును నొక్కుతూ కూర్చోబెట్టాలి. ఇప్పుడు నీలం వేయకుండా, ఆ అంచు మీద మళ్లీ పసుపే ఒక పలచటి కోటు కొట్టండి. ఎక్కడైనా సందు ఉంటే పసుపే దూరి దాన్ని మూసేస్తుంది, తర్వాత నీలం లోపలికి పాకదు. ఎయిర్ బ్రష్‌లో పెయింట్ పాలంత పలచగా ఉండాలి, ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్‌ఐ చాలు. టేపును నిటారుగా పీకకుండా, దాని మీదికే మడిచి వెనక్కి లాగండి. వానాకాలంలో ముసురు పట్టినప్పుడు లక్క రకం స్ప్రే డబ్బాలు వాడితే తెల్లగా పాలిపోతుంది, ఎండ వచ్చేదాకా ఆగండి.

డెకాల్స్ మ్యాట్ రంగు మీద వేస్తే అడుగున గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తాయి. ముందు నిగనిగలాడే (గ్లాసీ) క్లియర్ కోటు, దాని మీద డెకాల్, మైక్రో సోల్ లాంటి ద్రావకం రాస్తే రివెట్ల మీద కూడా చర్మంలా పట్టుకుంటుంది, బుడగలుంటే సూదితో పొడిచి మళ్లీ రాయండి. చివర్లో మ్యాట్ కోటు. ఏ నంబరు వేస్తున్నారో ఆ నంబరు ఇంజను ఫొటో, మీరనుకున్న సంవత్సరానికి దగ్గరిది, నెట్‌లో వెతికి ఎదురుగా పెట్టుకోండి. హారన్ ఎక్కడుందో, గంట ఎక్కడుందో దాన్ని బట్టి మార్చుకోవచ్చు. అమెరికాలో ఎక్కడ చూసినా కనిపించే ఎస్‌డీ40-2 డీజిల్ ఇంజన్లు 1972 నుంచి దాదాపు 4,000 కట్టారు, కంపెనీ కంపెనీకీ చిన్న చిన్న తేడాలు ఉన్నాయి.

డబ్ల్యూడీఎం-2 సంగతి. ఎస్‌డీ40-2కు మన రంగులు వేసి డబ్ల్యూడీఎం-2 అనకండి, కాజీపేటలో పెరిగిన పిల్లాడెవడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు. మనది అమెరికా ఇంజన్ల కంపెనీ ఆల్కో వాళ్ల డీఎల్560సీ డిజైన్, 2,600 హార్స్‌పవర్. 1962లో అక్కడి నుంచి దిగుమతి అయ్యాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. అమెరికాలో ఆల్కో 1969లో ఇంజన్లు కట్టడం మానేసినా మన దగ్గర ఆ వంశం దశాబ్దాల పాటు సాగింది. కాబట్టి మీ పెట్టెలో ఆల్కో ఆరు ఇరుసుల ఇంజను, ఆర్‌ఎస్‌డీ-4 గానీ ఆర్‌ఎస్‌డీ-5 గానీ, ఉందేమో చూడండి. దాని బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు, మన డబ్ల్యూడీఎం-2 బోగీ కూడా అంతే. ఆ చాసిస్ తీసుకుని, బాడీ మాత్రం స్టైరీన్ షీటుతో కట్టుకోవడమో త్రీడీ ప్రింట్ చేయించుకోవడమో చేయాలి. అసలు ఇంజను పొడవు 17 మీటర్ల పైచిలుకు, హెచ్‌ఓలో 20 సెంటీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది.

పట్టాల వెడల్పు మాత్రం కలవదు. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, 1:87లో అది 19 మిల్లీమీటర్లు దాటాలి, హెచ్‌ఓ పట్టాలేమో 16.5. పక్క నుంచి చూస్తే తెలియదు, ఎదురు నుంచి చూస్తే చక్రాలు లోపలికి జరిగినట్టు కనిపిస్తాయి. నేనైతే దానితో రాజీ పడిపోతాను, పట్టాలతో సహా అన్నీ కొత్తగా చేసుకునే ఓపిక మీకుంటే మీ ఇష్టం. రంగు విషయంలో మళ్లీ అదే మాట: ఒక్కో షెడ్డుకు ఒక్కో రంగు, అదే షెడ్డులోనూ ఏళ్లను బట్టి మారింది, కాబట్టి 'కాజీపేట రంగు' అని కాకుండా ఒక నంబరు, ఒక ఫొటో పట్టుకోండి. ఆ నంబరు 'జంబో' బ్యాచ్‌దైతే షార్ట్ హుడ్ (క్యాబ్ ముందుండే పొట్టి ముక్కు భాగం) క్యాబ్ అంత వెడల్పుగా ఉంటుంది, ముందు కిటికీలు పెద్దవి. బాడీ కోసే ముందే అది తేల్చుకోండి.