డౌన్‌టౌన్ అంటే మన వన్‌టౌన్ అనుకోకు తమ్ముడూ

ఇక్కడ అమెరికాలో డౌన్‌టౌన్‌లో, అంటే ఊరి వ్యాపారకేంద్రంలో, ఫ్లాట్ తీసుకోనా అని అడిగావు. అద్దె లెక్కలన్నీ వేశావు గానీ, ఆఫీసులు మూశాక అక్కడ పలకరించే మనిషి ఉంటాడా అన్నది లెక్క వేయలేదు. 2004లో నేనూ వేయలేదు.

మాది విజయవాడ వన్‌టౌన్. కాళేశ్వరరావు మార్కెట్ నాలుగడుగుల్లో ఉండేది. ఇక్కడా టౌన్ అన్నారు కదా, అంతే సందడి ఉంటుందని డౌన్‌టౌన్‌లో పదో అంతస్తులో దిగాను. మొదటి ఆదివారం పాల కోసం కిందికి వచ్చాను. బ్యాంకులు, లాయర్ల ఆఫీసులు, అన్నిటికీ తాళాలే. సిగ్నల్ ఎర్రగా, పచ్చగా మారుతోంది, ఆగడానికి ఒక్క కారూ లేదు. ముప్పావుగంట నడిస్తే పెట్రోల్ బంకులో పాలు దొరికాయి. బంకు కుర్రాడు ఎలా ఉన్నారని అడిగాడు. శుక్రవారం సాయంత్రం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మనిషి అతనే. గదికొచ్చి ఏడ్చాను.

డౌన్‌టౌన్ అనే మాట సంగతి తర్వాత తెలుసుకున్నాను. న్యూయార్క్‌లో డచ్చివాళ్ళు 1620ల్లో మన్‌హాటన్ దక్షిణపు కొసన ఊరు కట్టారు. ఊరు ఉత్తరానికి పెరిగింది. దక్షిణాన ఉన్న పాత ఊరు డౌన్‌టౌన్ అయింది, కొత్తది అప్‌టౌన్. వ్యాపారాలు కింద దక్షిణాన, కాపురాలు పైన ఉత్తరాన. తర్వాత మిగతా ఊళ్ళు దిక్కుతో పనిలేకుండా వ్యాపారకేంద్రానికి ఆ పేరే పెట్టుకున్నాయి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక హైవేలు పడి, ఉన్న కాపురాలూ ఊరి శివార్లకు, సబర్బ్‌లకు తరలిపోయాయి. మన వన్‌టౌన్‌లో కింద కొట్టు, పైన కాపురం. రాత్రి పదింటికీ కిటికీలోంచి ఎవరో ఒకరు కేకేస్తారు. తేడా అదే.

ఇప్పుడు కొన్ని డౌన్‌టౌన్లలో మళ్ళీ అపార్ట్‌మెంట్లు, జనం వచ్చారు. అందుకని వద్దనను. లీజు, డిపాజిట్ రూల్స్ నువ్వుండే రాష్ట్రం వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదువుకో. మీ వయసువాళ్ళు ఫొటోలు చూసి సంతకం పెట్టేస్తారు, అది మాత్రం చేయకు. ఆదివారం సాయంత్రం ఏడింటికి ఆ వీధిలో అరగంట నిలబడు. పిల్లల్ని నడిపించుకుంటూ ఎవరైనా కనిపించారా, కూరగాయల కొట్టు తెరిచి ఉందా చూడు.

నేను ఆరు నెలలకే డిపాజిట్ వదులుకుని తెలుగు కుటుంబాలున్న చోటికి మారాను. ఆ తర్వాతే నిలదొక్కుకున్నాను, ఇల్లూ కొన్నాను. నీకు అలాంటి చోటు వెంటనే దొరక్కపోతే శనివారం పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యి. మీ వదిన కూడా మాట్లాడుతుంది.