గుమ్మడి పిందెలు రాలుతుంటే ముందు పూలు లెక్కపెట్టండి

‘గుమ్మడి ఆకుల మీద తెల్ల మచ్చలు వచ్చాయి, పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?’ అని అడిగారు. ఏ మందూ కొట్టకండి. అవి రెండు వేర్వేరు సంగతులు. మీరు రెండింటినీ ఒకే తెగులు అనుకుంటున్నారు. నేనూ సరిగ్గా ఈ పొరపాటే చేశాను.

మచ్చల సంగతి సులువు. ఆకును వేలితో గట్టిగా రుద్దండి. పిండిలా అంటితే బూడిద తెగులు. అంటకుండా, ఈనెలు చీలేచోట వెండి రంగులో కనిపిస్తే అది ఆ రకానికి పుట్టుకతో వచ్చిన రంగు. తెగులే అయితే ముదురాకులు నాలుగు తుంచేసి, ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వారానికోసారి చల్లండి. గంధకం జోలికి మాత్రం వెళ్లకండి, పాదుజాతి ఆకులు దానికి మాడిపోతాయి.

ఇక పిందెల సంగతి. మూడేళ్ల క్రితం ధనుర్మాసంలో మా గుమ్మడి పాదు ప్రహరీ గోడ ఎక్కి వీధిలోకి వేలాడేది. ఆకులు చేటలంత. కానీ నిమ్మకాయంత పిందె కొస నుంచి పసుపెక్కి, మెత్తబడి, మూడో రోజుకల్లా రాలిపోయేది. మందుల దుకాణానికి వెళ్తే, ఒక్క ఆకైనా చూపించమనకుండా మూడు సీసాలు చేతిలో పెట్టారు. ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే. మొక్కను చూడకుండా మందు పేరు ఎలా చెబుతారు? పైగా పొద్దున్నే కొట్టమన్నారు. పూలు విచ్చుకుని తేనెటీగలు తిరిగే వేళ అది! అలాగే కొట్టాను, వారం తిరిగేసరికి ఉన్న తేనెటీగలూ రావడం మానేశాయి.

ఒకరోజు తెల్లవారకముందే లేచి వాకిట్లోకి వస్తే, వీధి పిల్లలు గొబ్బెమ్మల కోసం గోడ మీది గుమ్మడి పూలు కోస్తున్నారు. ఎంత జాగ్రత్తగానో! కింద పిందె ఉన్న పువ్వును ముట్టుకోవడం లేదు. ‘కాయ కాసే పువ్వు కోయకూడదని మామ్మ చెప్పింది అత్తా’ అంది వాళ్లలో చిన్నది. సన్నటి పొడుగు కాడ పూలన్నీ బుట్టలో ఉన్నాయి. అంటే మగపూలన్నీ. గోడ మీద ఆడపూలే మిగిలాయి.

మా అత్తగారు విషయం విని, ‘పుప్పొడి లేకుండా పిందె ఎలా నిలుస్తుందమ్మా?’ అన్నారు. బుట్టలోంచి ఒక మగపువ్వు తీసుకుని రేకులు ఒలిచారు. నడుమ పుల్ల మీద పసుపు పొడి దట్టంగా ఉంది. దాన్ని ఆడపువ్వు లోపలి గుబ్బలకు మెల్లగా రాశారు. ఆరోజు అలా మూడు పూలకు రాశాం. వారం తిరిగేసరికి వాటిలో రెండు పిందెలు నిగనిగలాడుతూ కాడ వంచుకుని కిందికి దిగాయి. అప్పటి నుంచి పిల్లలతో ఒప్పందం: పెరటి వైపు పూలు నావి, వీధి వైపువి గొబ్బెమ్మలవి.

రాలిన పిందెను ఒకసారి తిప్పి చూడండి. సూది గుచ్చినట్టు చిల్లు, దాని మీద జిగురు బొట్టు ఉంటే అది పండు ఈగ పని. అలాంటివి ఎరువు గుంటలో వేయకండి, లోపలి పురుగులు మట్టిలో చేరి మళ్లీ ఈగలవుతాయి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేయండి. నిలిచిన పిందెలకు కాగితం సంచి తొడగండి.

చిల్లు లేదంటే మాత్రం నూటికి తొంభైపాళ్లు పుప్పొడి లోపమే. రేపు ఆరింటికల్లా పాదు దగ్గరికి వెళ్లండి, పది దాటితే పూలు ముడుచుకుపోతాయి. సొరపాదు కూడా ఉందన్నారు కదా, దానికి సాయంత్రం చూడాలి, ఆ తెల్లపూలు అప్పుడే విచ్చుకుంటాయి. మగపూలు ఎన్ని, ఆడపూలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో చెబుతాను.